పన్నెండు పూల కాగితం

డయాలసిస్ సెంటర్ వరండాలో స్టీలు కుర్చీ మీద కూర్చుని రోజీ రంగు పెన్సిళ్లు చెక్కుతోంది. ప్రతి పెన్సిలునూ రెండు వైపులా చెక్కుతుంది. ఒక మొన విరిగితే తిప్పి పట్టుకోవచ్చు, చెక్కిపెట్టమని ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు. లోపల మంచాల మీద పడుకునే ఎనిమిది మందికీ మిషను నడిచినంతసేపూ ఒక్క చెయ్యే తమది. రెండో చేతికి సూదులుంటాయి. అది కాస్త కదిలితే మిషను గోల పెడుతుంది, టెక్నీషియన్ శేఖర్ పరుగెత్తుకొస్తాడు.

ఎనిమిది అట్టలు, ఎనిమిది క్లిప్పులు, ఎనిమిది ప్లాస్టిక్ కవర్లలో పెన్సిళ్లు. ఒకరివి ఇంకొకరు ముట్టుకోకూడదు కాబట్టి కవరు మీదా, కాగితం మూలనా మంచం నంబరు వేస్తుంది. కాగితం నిండా పూల గీతలు. రోజీ చేత్తో గీసి, మేడ్చల్ బస్టాండు దగ్గర జిరాక్సు తీయించినవి. సుచిత్ర చౌరస్తాలో మగ్గం వర్క్ షాపుకు జాకెట్ల మీద కుట్టే పూలు ట్రేసింగ్ కాగితం మీద గీసిచ్చే పని ఆమెది. పువ్వు గీయడానికి ఆమెకు ఎదురుగా పువ్వు ఉండాల్సిన పని లేదు.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే పుస్తకాల షాపుకు పోయి, బాతులూ బెలూన్లూ ఉన్న పిల్లల రంగుల పుస్తకం కొనుక్కొచ్చింది. తల్లి పెంటమ్మ దాన్ని రెండు పేజీలు తిప్పి పక్కన పడేసింది.

“నేనేమన్న ఒకటో తరగతి చదువుతున్ననానే? నెత్తి నెరిసిన ముసల్దాన్ని, బాతుకు రంగేస్తనా?”

ఆ రోజు నుంచి పూలు. బంతి, మందార, గుమ్మడి పువ్వు, కట్ల పువ్వు, గునుగు, తామర. నందివర్ధనం మాత్రం గీయదు. తెల్ల పువ్వుకు రంగు వెయ్యాలో వద్దో తెలియక మనుషులు పెన్సిలు పట్టుకుని ఆగిపోతారు, ఖాళీగా వదిలేస్తే వేసినట్టో వెయ్యనట్టో ఆమెకు తెలియదు. పెంటమ్మది చూసి పక్క మంచం అడిగింది, దాన్ని చూసి ఇంకో మంచం అడిగింది. ఇప్పుడు చర్చి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే అక్కణ్ణుంచి కీసర దాకా పోతున్నాయి ఆ కాగితాలు. కొంపల్లి విల్లాల్లో ఎవరో ఆవిడ ప్రింటు తీసి, రంగులేసి, గోడకు తగిలించి ఫోటో కూడా పంపింది.

లోపలికి మనిషి తోడు పోకూడదు. ఫోను పోకూడదు. కాగితం పోవచ్చు, అదీ శేఖర్ చేతి మీదుగా. సూదులు గుచ్చి, గొట్టాలు కలిపి, రక్తం మిషనులో తిరగడం మొదలుపెట్టాక గాని అతను ఎవరికీ అట్ట ఇవ్వడు. రెండు చేతులూ అతనికి అప్పగించి పడుకోవాల్సిన సమయంలో రంగులేమిటని అతని కోపం. “లైను కలిసినంకనే పువ్వు” అంటాడు. అది ఆ హాల్లో రూలైపోయింది.

ఆ సోమవారం పన్నెండింటికి లోపలికి పోయినవాళ్లు అయిదింటికల్లా ఒక్కొక్కరే బయటికొచ్చారు. పెంటమ్మ గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడింది. అట్ట కూతురి ఒడిలో పెట్టి మొహం పక్కకు తిప్పుకుంది.

తొమ్మిది పూలలో రెండు ఖాళీ.

ఒకప్పుడు కాగితానికి పన్నెండు పూలుండేవి. మిషను ఆగే వేళకు అమ్మకు పన్నెండూ అయ్యేవి. రెండు నెలల కిందట నాలుగు మిగలడం మొదలైంది, తర్వాత అయిదు. ఖాళీ పూలు చూసుకుని అమ్మ చిన్నబోతోందని రోజీయే ఓ రోజు మూడు పూలు తగ్గించేసింది. అందరికీ ఒకే కాగితం కాబట్టి అందరికీ తొమ్మిదే. ఆ తొమ్మిదీ అవడం లేదిప్పుడు.

“చెయ్యి పడిపోతాంది బిడ్డా,” అంది పెంటమ్మ. “వేళ్లల్ల సత్తువ లేదు.”

“గాలి మంచిగ ఆడుతాందా?”

“ఆడుతాంది గని.”

ఆడటం లేదు. భుజాలు ఎగరేసి పీల్చుకుంటోంది. పాదాల మీద రోజీ బొటనవేలితో నొక్కి చూసింది. సొట్ట పడి అట్లాగే ఉంది. మిషను ఒంట్లో నీళ్లు తీసి పంపిన రోజున కూడా సొట్ట పడుతోందంటే ఇంకెప్పుడు పోతుంది?

అప్పుడే ఒకటో నంబరు మంచం జంగయ్య చేతిసంచీ ఊపుకుంటూ వచ్చాడు. అరవై దాటినవాడు, శామీర్‌పేట అవతల మేకలు కాసుకునే మనిషి. వచ్చీ రాగానే రోజీతో తగువు పెట్టుకున్నాడు.

“ఏం బిడ్డా, పూలకు కరువొచ్చిందా? తొమ్మిదంటే తొమ్మిదే గీస్తివి. గవి జల్దీ అయిపాయె, ఇగ గంటసేపు ఫ్యాన్‌ను సూసుకుంట పండుకున్న. నాకు సాలుత లేవు.”

“మా అమ్మకు గవ్వే ఎక్కువైతున్నయి కాకా.”

“మీ అమ్మ ముసల్ది. నాదింక పని జేసే చెయ్యి.” అరచెయ్యి ఎత్తి చూపించాడు. భార్య మైసమ్మ పక్కనుంచి, “సాలు తియ్, పెద్ద పయిల్వాన్” అని అతని మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపించింది.

రోజీ నవ్వింది. పన్నెండు గీసుకొస్తానని మాటిచ్చింది. ఒక మనిషికి పూలు చాలకపోవడం, ఇంకో మనిషికి మిగిలిపోవడం, రెండూ ఒకే హాల్లో ఒకే మధ్యాహ్నం ఎందుకు జరుగుతాయో ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. మనకైనా తట్టదు. జబ్బు మనిషి చెయ్యి నడవకపోతే జబ్బు వల్లనే అనుకుంటాం.

మంగళవారం ఇంటి దగ్గర రోజీ పన్నెండు పూలు గీసింది. ముందు పెన్సిలుతో లేతగా. తర్వాత నల్ల పెన్నుతో ఒకసారి, ఆరాక అదే గీత మీద ఇంకోసారి. గీత లావుగా ఉంటే చూపు ఆననివాళ్లకూ కనిపిస్తుంది, వణికే చెయ్యి కొంచెం దాటినా తప్పు తెలియదు. రేకు ఎక్కడా విడిపోకుండా కలపాలి. మగ్గం వాళ్లకయితే ఒక చోట గీత తెగినా సూదితో కలుపుకుంటారు, రంగులేసేవాళ్లు అక్కడ తికమకపడతారు. ఒక్కో పువ్వూ అరచేతిలో సగమంత ఉండేటట్టు చూసింది. చిన్నా పెద్దా చేస్తే ఒకటి తొందరగా అయి ఇంకొకటి అవక చిరాకు పుడుతుంది.

తలుపు పక్కన మంచం మీద పెంటమ్మ రెండు దిండ్లు వీపుకు పెట్టుకుని కూర్చుంది. నెల రోజులుగా కూర్చునే నిద్రపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంటుందట. దగ్గు మందు సీసా మూత ఆమెకు గ్లాసు. దానితో రోజుకు ఎన్ని మూతల నీళ్లో లెక్క.

“ఒక్క మూత సల్లటి నీళ్లియ్యే.”

“పొద్దటినుంచి తొమ్మిదైనయమ్మా.”

“పదోది ఇయ్యి. దేవుడేం అనడు.”

రోజీ లేచి ఇచ్చింది. తల్లి ఆ మూతెడు నీళ్లూ నాలుక మీద వేసుకుని చాలాసేపు మింగకుండా ఉంచుకుంది. రోజీ మళ్లీ పెన్ను పట్టుకుంది గానీ తామర రేకు వంకరపోయింది. ఆ కాగితం పడేసి మొదటినుంచి గీసింది.

బుధవారం సాయంత్రం మొదట బయటికొచ్చింది పెంటమ్మే. ఎప్పుడూ ఆమే మొదట వస్తుంది. ఎనిమిదో నంబరు మంచం తలుపు దగ్గరిది. అట్ట చేతికిస్తూ, “పన్నెండు గీస్తివి. ఏడే అయినయి. ఊకె కాగితం ఖరాబు” అంది.

తర్వాత ఏడో మంచం ఆయన వచ్చాడు. “ఏమనుకోకు తల్లీ, ఇయ్యాల నాలుగు మిగిలినయి. కండ్లు మసకైతున్నయి.” ఆ తర్వాత ఆరో మంచం. తర్వాత అయిదో మంచం దుర్గాబాయి, తండా నుంచి వచ్చే మనిషి, అట్ట కొంగు చాటున పట్టుకుని ఇచ్చింది. “మూడు పూలు విడిసిపెట్టిన బిడ్డా. చెయ్యి గుంజుతాంది. వచ్చేపాలి చేస్త.”

బడిలో లెక్క తప్పిన పిల్లల్లా ఒక్కొక్కరూ క్షమాపణ చెప్పుకుంటూ ఇస్తున్నారు. రోజీకి సిగ్గేసింది. ఓదార్పుగా ఉంటుందని ఇచ్చిన కాగితం వాళ్లకు పరీక్ష కాగితమైపోయింది. అందరికన్నా వెనక జంగయ్య ఠీవిగా వచ్చాడు. పన్నెండు పూలూ నిండి ఉన్నాయి. పన్నెండోదైన గునుగుకు ఊదా రంగు ఒత్తి ఒత్తి వేశాడు.

“గిది పద్ధతి,” అన్నాడు. “గిట్లనే గియ్యి.”

వాళ్లంతా మెట్లు దిగాక రోజీ అట్టల్లోంచి కాగితాలు తీసి, ఆటో వచ్చేలోగా నంబర్ల వారీగా సర్దుకుందామని వరండాలో కుర్చీల మీద ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోయింది. ఒకటో కుర్చీ మీద ఒకటో నంబరు, రెండో కుర్చీ మీద రెండు. ఎనిమిదో కాగితం పెట్టి, వెనక్కి తిరిగి చూసి, అక్కడే నిలబడిపోయింది.

ఒకటో నంబరుకు ఒక్క పువ్వూ మిగల్లేదు. రెండుకు ఒకటి. మూడుకు రెండు. నాలుగుకు రెండున్నర. అయిదుకు మూడు. ఆరుకు మూడున్నర. ఏడుకు నాలుగు. ఎనిమిదికి అయిదు. కాగితం అడుగున తెల్లటి జాగా ఆ చివర్నుంచి ఈ చివరికి మెట్టు మెట్టుగా పెరుగుతూ వచ్చింది.

జబ్బు మంచాల నంబర్ల ప్రకారం రాదు గదా. ఏడో మంచం ఆయనకు నలభై ఏళ్లు, డ్రైవరు, జంగయ్య కన్నా చెయ్యి గట్టిది. రోజీ ఒక్కో కాగితం దగ్గరికీ పోయి వంగి చూసింది. రంగులు బాగానే ఉన్నాయి. అమ్మ వేసిన ఏడు పూలూ ఎప్పటిలాగే గీత దాటకుండా ఉన్నాయి. చెయ్యి పడిపోలేదు. సమయం పోయింది.

శేఖర్ టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. ముప్పై ఏళ్లుండవు గానీ కళ్ల కింద నల్లగా ఉంది. కుర్చీల వైపు చూశాడు. గ్లాసు నోటి దాకా పోయి ఆగింది.

“అమ్మను ఎన్నింటికి మిషనుకు పెట్టినవు తమ్మీ?” అంది రోజీ.

“ఎప్పటి లెక్కనే అక్కా.”

“ఎప్పటి లెక్క అంటే?”

అతను కిటికీ గట్టు మీద గ్లాసు పెట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు. “జోయెల్ ఉన్నప్పుడు ఇద్దరం ఉంటిమి. ముప్పావుగంటల ఎనిమిది మందిని మిషన్లకు పెడుతుంటిమి. ఆడు పోయి రెండు నెలలాయె. ఇంకొకల్ని తీస్కుంట లేరు. నేనొక్కన్నే. ఒక్కో మనిషికి సూదులు గుచ్చి లైను కలిపేసరికి పన్నెండు నిమిషాలు దాటుతది. ఒకటో నంబరు నుంచి మొదలుపెడ్త. ఎనిమిదో లైను కలిసేసరికి ఒకటీ నలభై అయితాంది.”

“మరి ఆలస్యంగ పెట్టినోళ్లను ఆలస్యంగ తియ్యాలె గద?”

“తియ్యాలె. అయిదింటికి ఇంకో ఎనిమిది మంది నిలవడ్తరు. నాలుగింటికి మొదలుపెట్టకుంటె తెమలదు. తలుపు కాడి మంచం నుంచి ఇప్పుకుంట వస్త. అటు దిక్కు నుంచి ఇప్పితె, లోపలోళ్లు పోతానికి తొవ్వుండదు, వీల్‌చైర్లు మిషన్ల గొట్టాలకు తట్టుకుంటయి. ఎప్పటినుంచో గదే పద్ధతి. ఇద్దరున్నప్పుడు ఫరక్ పడకపోయేది.”

రోజీ లెక్కేసింది. ఒకటీ నలభై నుంచి నాలుగు. ఏడు పూలు.

“రిజిస్టర్ల ఎన్ని గంటలు రాస్తున్నవ్?”

“నాలుగు.” అతను తల దించుకున్నాడు. “మేడం గట్లనే రాయమన్నది. అక్కా, నేను పొద్దున అయిదింటికి వస్తున్న. నా కాళ్లు సూడు.” ప్యాంటు కొంచెం పైకి లాగాడు. అతని పాదాలూ ఉబ్బే ఉన్నాయి.

అతని మీద అరుద్దామనుకున్న రోజీ ఆ పాదాలు చూసి ఆగిపోయింది. ఆ కోపమంతా తన మీదికే తిరిగింది. రెండు నెలల కిందటే ఆ కాగితాలు చెప్పాయి. నాలుగు పూలు మిగిలినప్పుడు చెప్పాయి, అయిదు మిగిలినప్పుడు చెప్పాయి. తనేం చేసింది? పూలు తగ్గించింది. తొమ్మిది చేసేసరికి ఒకటో మంచం నుంచి అయిదో మంచం దాకా అందరికీ నిండిపోయాయి, ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. దొంగతనాన్ని తన పెన్నుతో తనే కప్పి పెట్టింది.

గురువారం షాపుకు సెలవు పెట్టి, ఎనిమిది కాగితాలూ ఫైల్లో పెట్టుకుని రోజీ సెంటర్ ఇన్‌ఛార్జి శైలజ మేడం దగ్గరికి వెళ్లింది. మేడం మర్యాదస్తురాలు. కుర్చీ చూపించింది, నీళ్లు తెప్పించింది. రోజీ బల్ల మీద కాగితాలు వరుసగా పరిచింది. చెప్పాల్సినదంతా దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చింది కాబట్టి తడబడకుండా చెప్పింది.

మేడం అన్నీ చూసింది. “చాలా బాగా గీస్తారండీ మీరు,” అంది.

“పూల గురించి కాదు మేడం.”

“అర్థమైంది.” ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “చూడండి రోజీ గారూ, రంగులేసిన కాగితం చూసి ట్రీట్‌మెంట్ ఎంతసేపు జరిగిందో చెప్పలేం. ఒకరికి ఓపికుంటుంది, ఒకరికుండదు. మా రికార్డులో నాలుగు గంటలుంది.”

“రికార్డు ఎట్ల రాస్తున్నరో నాకు తెల్సు.”

మేడం కోప్పడలేదు. కోప్పడి ఉంటే రోజీకి తేలికయ్యేది, ఎదురు తిరిగేది.

“మీరు పైవాళ్లకు రాయొచ్చు,” అంది ఆవిడ. “వాళ్లొస్తారు, చూస్తారు. మనుషులు చాలరని ఈ సెంటర్ మూసేస్తారు. అప్పుడు అందరూ సికింద్రాబాద్ దాకా పోవాలి. అక్కడ బెడ్లు ఖాళీ ఉన్నాయో లేదో మీరే కనుక్కోండి. మనిషి కావాలని నేనూ నెలనెలా అడుగుతూనే ఉన్నాను. ఇస్తే నాకేం బాధ?” ఎనిమిదో కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. “మీ అమ్మగారికి ఊపిరాడట్లేదు కదా? చూశాను. ఆమెను ఒకటో నంబరుకు మార్చేస్తాను. రేపటి నుంచే. ఒకటీ ఎనిమిదీ అటూ ఇటూ అవుతాయి, అంతే.”

ఒకటో నంబరు మీద ఎవరున్నారో రోజీకి తెలుసు. పేరు ఆమె ఎత్తలేదు. మేడం కూడా ఎత్తలేదు.

అమ్మ కూర్చుని నిద్రపోవడం గుర్తొచ్చింది. నిద్రలో తల వాలిపోయి ఉలిక్కిపడి లేచి గాలి కోసం నోరు తెరవడం గుర్తొచ్చింది. ఇంకో నెల అట్లా గడవదని డాక్టరు చెప్పక్కర్లేదు, కూతురికి తెలుస్తుంది. గ్లాసులో నీళ్లు ఒక గుక్క తాగింది.

“సరే మేడం,” అంది.

“ఈ కాగితాలు ఇక్కడే ఉండనివ్వండి.”

రోజీ ఖాళీ ఫైలు పట్టుకుని బయటికొచ్చింది. రోడ్డు దాటాక గాని తను వాటికి ఫోటో తీయలేదని గుర్తు రాలేదు. వెనక్కి పోలేదు. ఇప్పుడు ఫోటో దేనికని తనకు తనే జవాబు చెప్పుకుంది.

శుక్రవారం పన్నెండింటికి శేఖర్ తలుపు తీసి పేర్లు పిలిచాడు. పెంటమ్మను ఒకటో నంబరుకు పొమ్మన్నాడు. జంగయ్యను ఎనిమిదికి పొమ్మన్నాడు.

“గదేంది?” అన్నాడు జంగయ్య.

“మిషన్ మార్చినం పెద్దయ్యా. ఏ మంచమైతేంది?”

“తలుపు కాడ గాలి మంచిగొస్తది తియ్,” అని జంగయ్య సంతోషంగానే లోపలికి పోయాడు. పెంటమ్మ గడపలో ఆగి ఒకసారి కూతురి వైపు చూసింది. రోజీ పెన్సిళ్ల కవర్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది. ఒకటో కవరు మీద నంబరు కొట్టేసి ఎనిమిది వేసింది, ఎనిమిదో దాని మీద ఒకటి వేసింది.

ఆ నాలుగు గంటలూ మైసమ్మ ఎప్పటిలాగే రోజీ పక్క కుర్చీలో కూర్చుంది. జొన్న రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చింది. సగం విరిచి రోజీకిచ్చింది. మేక ఈనిందనీ, రెండు పిల్లలనీ, ఆయన మిషను మీదికి వచ్చిన రోజు కూడా వాటి గురించే అడుగుతాడనీ చెప్పింది. రోజీ రొట్టె నములుతూ ఊ కొట్టింది. ఆకలి లేకపోయినా మొత్తం తినేసింది. తినకపోతే ఎందుకు తినలేదని మైసమ్మ అడుగుతుంది.

నాలుగు దాటిందో లేదో తలుపు తెరుచుకుని జంగయ్య వచ్చాడు. అందరికన్నా ముందు. చేతిసంచీ ఊపడం లేదు. మైసమ్మ లేచి ఎదురుపోయింది. “గింత జల్దీ ఎట్లయింది?”

“తలుపు కాడోళ్లు ముందుగాల బయటికొస్తరు గదా,” అన్నాడు. రోజీ చేతికి అట్ట ఇవ్వబోయి, ఇవ్వకుండా తన దగ్గరే పట్టుకున్నాడు.

పెంటమ్మ అందరికన్నా వెనక వచ్చింది. గోడ పట్టుకోలేదు. పన్నెండు పూలు నిండుగా ఉన్న కాగితం కూతురికిచ్చింది. ఇంటికొచ్చాక పాదం నొక్కితే సొట్ట పడి, చూస్తుండగానే పైకి లేచింది. మర్నాడు తెల్లారి రోజీ లేచేసరికి పెంటమ్మ ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతోంది. రోజీ ఆమె పక్కన నేల మీద కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషమే. అది సంతోషం కాదని అనే హక్కు ఎవరికీ లేదు. తల్లి బతకాలని కోరుకోవడం కన్నా సహజమైనదేముంది? కానీ ఆ ఏడుపు ఎంతకీ ఆగలేదు. సంతోషమైతే ఆగాలి.

ఆదివారం చర్చి విడిచాక రోజీ అమ్మను ఆటో ఎక్కించి తనూ ఎక్కబోతుంటే రోడ్డు అవతల నుంచి జంగయ్య కేకేశాడు. మేకపిల్లను చంకలో పెట్టుకుని ఉన్నాడు. రోడ్డు దాటి రావడానికి ఆయాసపడ్డాడు. రెండు రోజుల్లోనే మొహం కొంచెం నిండుగా కనిపించింది. కళ్ల కింద ఉబ్బు.

“బిడ్డా, నీకు కాగితం ఇయ్యకుండ పోయిన. గిదిగో.” అంగీ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. “ఏడే అయినయి. ఏందో, చెయ్యి నడువలే ఆ దినం. మంచం మారితె గట్ల అయితదా?”

రోజీ కాగితం విప్పింది. ఏడో పువ్వు మందారం, సగం దాకా ఎర్రగా ఒత్తి ఉంది, మిగతా సగం హడావుడి గీతలు. శేఖర్ వచ్చి నిలబడితే పూర్తి చెయ్యాలని తొందరపడ్డట్టున్నాడు.

ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. కాకా, నీ చెయ్యి మంచిదే, నీ గంటన్నర మేం తీసుకున్నం. ఆటోలో కూర్చున్న పెంటమ్మ తల బయటికి పెట్టి చూస్తోంది.

“ముసలి వయసుకు వచ్చిన గావొచ్చు,” అన్నాడు జంగయ్య, నవ్వబోయి. “అందరి ముందట సగం కాగితం పట్టుకొని వస్తె మంచిగనిపిస్తలేదు. నాకొక్కనికి జర పూలు తగ్గించి గీస్తవా? మైసమ్మకు చెప్పకు. ఊకె పరేషాన్ అయితది.”

మేకపిల్ల అరిచింది. అతను దాని మూతి నిమిరాడు. రోజీ నోరు తెరిచింది.

“గీస్త కాకా,” అంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజీ వాకిట్లో వెలుతురున్న చోట పీట వేసుకుని కూర్చుంది. అందరి కోసం పన్నెండు పూల కాగితం ముందే ఉంది, దాన్ని పక్కన పెట్టింది. కొత్త కాగితం తీసి మూలన ఎనిమిది అని వేసింది. పెన్సిలుతో లేతగా మొదలుపెట్టింది. బంతి, గుమ్మడి, కట్ల పువ్వు.

“ఎవరికే?” అంది పెంటమ్మ మంచం మీద నుంచి. హాయిగా వెల్లకిలా పడుకుని ఉంది.

“జంగయ్య కాకకు.”

“ఎన్ని?”

రోజీ పెన్నుతో గీత మీద గీత దిద్దుతూనే ఉంది. తల్లి మోచేతి మీద లేచి కాగితం వైపు చూసింది, పెదవులు కదిపి లెక్కపెట్టింది. మళ్లీ పడుకుని గోడ వైపు తిరిగింది.

గీసిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి గ్రూపులో పెట్టే అలవాటు రోజీకి. దీన్ని పెట్టలేదు. పూలు పలచగా ఉండి కాగితం అడుగున తెల్లగా జాగా కనిపిస్తోంది. ఆమె రబ్బరు తీసుకుని, ఇంకా పెన్నుతో దిద్దని ఏడో పువ్వు పెన్సిలు గీతలు చెరిపి, దాన్ని కిందికి జరిపింది. మందారమే. రేకులు రెండు వైపులా అంచుల దాకా సాగదీసి, పక్కన నాలుగు ఆకులు వేసింది, కాగితం నిండుగా ఉందనిపించేలా.